బండల సందు మీద నడిపించిన రోజు

నన్ను తాగుబోతని హాజరు పుస్తకంలో రాసి పనిలోంచి తీసేశారు. నేను తాగలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ తాగలేదు.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడాది సంగతి. తాండూరులో ఒక నాపరాళ్ల కార్ఖానాలో బండలు కొలిచే పని నాది. పొడవు, వెడల్పు కొలిచి గట్టిగా చెప్తే గుమాస్తా రాసుకునేవాడు. నేను బడికి పోలేదు. అంకెలు బండల మీద, అక్షరాలు రైల్వే స్టేషన్ బోర్డుల మీద నేర్చుకున్నాను.

ఒక పొద్దున బండ మీద వంగి ఉండగా కడుపులోంచి ఏదో గొంతుకు ఎగదన్నినట్టయింది. మాడిన బెల్లం వాసన వచ్చింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. తెలివి వచ్చేసరికి నాలుగు బండల అవతల నిలబడి ఉన్నాను. కొలబద్ద చేతిలో లేదు, అంగీ గుండీలు ఊడి ఉన్నాయి. నాతో పనిచేసే మొగులయ్య పగలబడి నవ్వుతున్నాడు.

"ఏం అంజన్నా, పొద్దుగాల్నే ఏసినవా? ముంత యాడ దాచినవ్, జర మాకు గూడ జూపియ్యరాదూ!"

నేనూ నవ్వాను. ఎండదెబ్బ అనుకున్నాను. వారం తిరగకుండా మళ్లీ అదే వాసన, అదే మాయ. మూర్ఛ అని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మూర్ఛంటే మనిషి కింద పడాలి, కాళ్లూ చేతులూ కొట్టుకోవాలి, నోట నురగ రావాలి. నేనేమో నిలబడే ఉంటిని, నడుస్తూ కూడా ఉంటిని.

మా కార్ఖానాలో ఒక రివాజు ఉండేది. ఎవడైనా తాగి వచ్చాడని అనుమానమొస్తే, పరిచిన బండల మధ్య సందు మీద నడిపించేవారు. అడుగు పక్కకు పడకుంటే పనికి పోవచ్చు, పడితే ఇంటికి. అందరి ముందరే ఈ పరీక్ష. మూడోసారి నాకు మాయ కమ్మినప్పుడు మేస్త్రీ సిద్దప్ప ఎదురుగానే ఉన్నాడు.

"నడువు" అన్నాడు.

"నేను తాగలే, మేస్త్రీ" అన్నాను. నాలుక మందంగా ఉంది, మాట ముద్దగా వచ్చింది.

"గా మాట నోటితోని గాదు, కాళ్లతోని జెప్పు."

మూడడుగులు వేశానో లేదో, సందు ఎక్కడుందో కళ్లకు ఆనలేదు. కూలీలందరూ గొల్లున నవ్వారు. నా నోరు వాసన చూద్దామని ఒక్కడికీ తోచలేదు. వాళ్లకు వాళ్ల బండ చెప్పిందే సాక్ష్యం. ఆ పూటే సిద్దప్ప హాజరు పుస్తకంలో నా పేరు పక్కన 'తాగుబోతు' అని రాయించాడు.

నెల తర్వాత సంతలో నిజంగానే పడిపోయాను. ఈసారి జనమందరికీ తెలిసిన మూర్ఛే వచ్చింది. ఇనుము పట్టిస్తే దిగుతుందని ఒకాయన గుప్పిట్లో తాళంచెవి పెట్టాడట. ఇంకొకాయన ఇంకో తాళంచెవిని పళ్ల మధ్య దూర్చాడట. ముందరి పన్ను ఒకటి విరిగిపోయింది.

మర్నాడే నా భార్య అనంతమ్మ నన్ను రైలెక్కించి వికారాబాద్ దవాఖానాకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ, "ఏమైంది?" అని నన్ను అడిగింది.

"నాకు తెలిస్తే కద, అమ్మా. కడుపుల ఎగదన్నినట్టయితది, మాడిన బెల్లం వాసనొస్తది, గంతే ఎరుక" అన్నాను.

డాక్టరమ్మ అనంతమ్మ వైపు తిరిగింది. "నువ్వు చూశావా? ఊహించి చెప్పకు. కంటితో చూసింది చెప్పు."

"సూసిన. నిన్న సంతల పడ్డప్పుడు నేను లేను గాని, ఇంట్ల మస్తుసార్లు సూసిన. ముందుగాల కడుపు మీద చెయ్యి బెట్టుకుంటడు. కండ్లు ఒక్కకాడనే నిలుస్తయ్. పెదాలు చప్పరిస్తడు, ఉత్తదే నములుతడు. గుండీలు గుంజుతడు. పిలిస్తే పలుకడు. ఒక బిందె నిండేటంత సేపే. తర్వాత యాడున్ననో ఎరుగనట్టు సూస్తడు. అమ్మా, గీయన తాగడు. ఆఁ, తిండి మాత్రం ఇద్దరిది తింటడు."

డాక్టరమ్మ నవ్వి, కాగితం మీద చాలాసేపు రాసింది. "నిన్న సంతలో వచ్చింది గ్రాండ్ మాల్. అది అందరూ గుర్తుపడతారు. అంతకుముందు వచ్చినవి కూడా ఫిట్సే. మెదడులో కణత పక్క భాగంలో మొదలవుతాయి, టెంపరల్ లోబ్ ఫిట్స్ అంటాం. కడుపులో ఎగదన్నడం, ఆ వాసన, ఫిట్ రాబోతుందనే సూచనలు; వాటిని ఆరా అంటాం. చిన్నపిల్లల్లో ఇంకో రకం ఉంది, పెటీ మాల్. కొన్ని క్షణాలు చూపు నిలిచిపోతుంది, మళ్లీ ఆట మొదలుపెడతారు. బళ్లో పరధ్యానమని కొడతారు. ఇవన్నీ ఎపిలెప్సీలో, అంటే మూర్ఛరోగంలో, రకాలే."

"తాగినోని లెక్క తూలుడేంది, అమ్మా?"

"ఫిట్ అయ్యాక మెదడు అలసిపోతుంది. అప్పుడు నిన్ను నడిపించడం కాదు, కూర్చోబెట్టాలి."

అప్పుడు కోపమొచ్చింది నాకు. జబ్బు మీద కాదు.

ఫినోబార్బిటోన్ మాత్రలు ఇచ్చారు. పొద్దంతా జోగుతూనే ఉండేవాణ్ణి. ఎనిమిది నెలలు ఫిట్స్ రాకపోయేసరికి నయమైందనుకుని నా అంతట నేనే మానేశాను. నాలుగో రోజు పొయ్యి పక్కన పడ్డాను. ఎడమ చెయ్యి కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. "మాత్ర వేసుకున్నావు గనుక రాలేదు. రాలేదని మాత్ర మానేస్తావా?" అని డాక్టరమ్మ కోప్పడింది. న్యాయమైన కోపం. తర్వాత ఫెనిటాయిన్ అనే ఇంకో మాత్ర కూడా కలిపింది. మెల్లమెల్లగా ఫిట్స్ తగ్గి, ఏడాదికి ఒకటో రెండో అయ్యాయి. వికారాబాద్ ధాన్యం మండీలో తూకం పని దొరికింది. చేరిన రోజే అందరికీ నా జబ్బు సంగతి చెప్పాను. దాచలేదు.

ఏటా సిద్దప్పకు ఒక ఉత్తరం రాశాను. ఫిట్ ఎట్లా వస్తుందో అనంతమ్మ చూసింది చూసినట్టు రాసి, చివర ఈ మాట పెట్టేవాణ్ణి. 'తాగుబోతు అన్న మాట కొట్టేయండి. ఎపిలెప్సీ అని రాయండి.' జవాబు లేదు. "గా బండకన్న చెవులుంటయేమో గాని ఆయనకు లేవు, ఇడిసిపెట్టు" అనేది అనంతమ్మ. నేను విడిచిపెట్టలేదు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. మాత్ర రోజూ వేసుకుంటాను. ఫిట్ వచ్చి చాలా ఏళ్లయింది. చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. మీ ముందు ఎవరికైనా ఇలా అయితే నోట్లో ఏమీ పెట్టకుండా, పక్కకు ఒత్తిగిలబెట్టి, కంటితో చూడండి. ముందు ఏం మొదలైంది, కళ్లెట్లా ఉన్నాయి, చేతులేం చేశాయి, ఎంతసేపు ఉంది. చూసింది చూసినట్టు రాసి డాక్టరుకివ్వండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే మాత్రం రాస్తూ కూర్చోవద్దు, దవాఖానాకు పరుగెత్తండి. నా జబ్బును మొదట పట్టింది అనంతమ్మ కళ్లే.

ఇక ఆ ఉత్తరాల సంగతి. అప్పట్లో పన్నెండో ఉత్తరం తర్వాత సిద్దప్ప దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. ఎవరిచేతనో రాయించినట్టుంది. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

"అంజయ్యా, నీ ఉత్తరాలన్నీ అందినయ్. సదివిచ్చుకున్న, మూల కేసిన. మొన్న నా మనుమరాలు అన్నం తింటాంటే ఉన్నట్టుండి కడుపు పట్టుకున్నది. కండ్లు నిలిచినయ్, పెదాలు చప్పరిచ్చింది, లంగా కొస గుంజుకుంట కూసున్నది. పిలిస్తే పలుకలే. బడిల పంతులు పొగరని కొడుతున్నడంట. నువ్వు రాసిందే నా కండ్ల ముందట అయింది. పుస్తకంల మాట నా చేతితోనే కొట్టేసిన. మంగళవారం రైలుకు బిడ్డను తీసుకొని వస్తున్న. నాకు ఆ డాక్టరమ్మ తెల్వదు. నువ్వు టేషన్ కాడ ఉంటవా?"