మార్తమ్మగారు రాయించిన పేర్లు

కల్వకుర్తి సంత నుంచి వస్తూనే మా వాకిట్లో గంప దించి, మా వాడకట్టు బాలమ్మ ఆ కబురు చెప్పింది.

"అక్కా, మన మార్తమ్మ అమ్మగారు పాయెనట! ఆత్మకూరు దిక్కుకెల్లి వచ్చిన బండ్లోళ్లు చెప్పిండ్రు. గత్తరొచ్చినోళ్లకు సేవ చేసుకుంట చేసుకుంట ఆమెకే తగిలిందట."

నేను ముందు తలుపు మూసి, తరువాత ఏడ్చాను. కలరాకు బలైన ఆ పుణ్యశీల కోసం బిగ్గరగా ఏడవడానికి కూడా మా ఊళ్లో ఇప్పటికీ ధైర్యం చాలదు.

మార్తమ్మగారు గుంటూరు వైపు నుంచి మా ఊరి మఠానికి వచ్చిన కన్యాస్త్రీ. బడి ముఖం చూడని నాకు నాయిన ఇంట్లో నేర్పింది నాలుగక్షరాలే. వాటిని జపపుస్తకం చదివే చదువుగా పెంచిన తల్లి ఆమె. ఆ రుణం నేను ఏ జన్మకూ తీర్చలేను. గుడిలో గంటల తరబడి మోకాళ్ల మీద నిశ్చలంగా ఉండే ఆ మూర్తి, లేచిందంటే మాత్రం గాలివానే.

పాలిచ్చే తల్లులను కూడా దొర గడికి వెట్టికి పిలిచి, పొద్దంతా వడ్లు దంచించేవారు. పసిపిల్లలు ఇళ్లలో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేవారు. ఒకనాడు ఆమె ఆ పిల్లలందరినీ మాచేత ఎత్తించుకొని గడి వాకిట కూర్చున్నారు. గుమాస్తా బయటికొచ్చి నవ్వాడు.

"గిదేమన్న సంతనా అమ్మా, పిల్లల్ని తెచ్చి కుప్ప పోసినవ్?"

"సంత కాదండీ, ఆకలి. తల్లుల్ని ఒక్క ఘడియ పంపండి, పాలిచ్చి వెళతారు."

ఆనాటి నుంచి మధ్యాహ్నం ఒక ఘడియ ఆ తల్లులకు దక్కింది. బాలమ్మ బిడ్డ అట్లా బతికిన బిడ్డే.

సాయంత్రం జపమాలకు ముందు ఆడవాళ్లు తమ కష్టాలు చెప్పుకొనేవారు. ఎవరి పేరూ మరవకుండా ప్రార్థించడానికి ఆమె వాటిని నాచేత ఒక పుస్తకంలో రాయించేవారు. దెబ్బలు తిన్నవారి పేరు రాసి నేను కలం ఆపితే ఒప్పుకునేవారు కాదు.

"కొట్టినవాడి పేరు కూడా రాయవే తల్లీ. వాడి ఆత్మకు ఇంకా ఎక్కువ జపం కావాలి."

అమాయకంగా రాశాను. ఫలానా ఆమె, ఫలానావాడు, ఎక్కడ, ఎందుకు అన్నీ రాశాను. అది చూసేవాళ్లకు ఎలా కనబడుతుందో మా ఇద్దరికీ తట్టనే లేదు.

దొరలను ఎదిరించే సంగం మాట అప్పుడప్పుడే మా దిక్కు వినబడుతోంది. ఒక పొద్దున గుమాస్తా చేతుల్లో కట్టెలున్న ఆరుగురు మనుషులతో మఠంలోకి వచ్చాడు.

"సంగపోళ్లకిచ్చే పేర్లు రాస్తున్నరట. ఆ పుస్తకం ఉన్నదా, లేదా?"

ఆమె అబద్ధమాడలేరు.

"ఉంది. దేవునికి చెప్పుకొనే పేర్లవి. మీకివ్వను."

"రాసిందెవరు?"

నేను ఆమె వెనకే ఉన్నాను. వేళ్లకున్న సిరా కొంగులో దాచుకున్నాను. ఆ పుస్తకంలో మా వాడకట్టు ఆడవాళ్లంతా ఉన్నారు, రాత నాది.

"రాయించింది నేను. పదండి," అన్నారామె.

నేను నోరు విప్పలేదు. పుస్తకం ఆమె అంగీ లోపలే ఉంది. కన్యాస్త్రీ ఒంటిమీద చెయ్యి వేయడానికి వాళ్లు జంకారు గాని, రెండు రోజులు గడి కొట్టంలో నీళ్లివ్వకుండా కూర్చోబెట్టారు. ఆ రెండు రోజులూ ఎవరి అడుగుల చప్పుడైనా నాకోసమే అనుకొని తలుపు వెనక నక్కాను. చివరకు మా గుడి పాదిరి స్వామిగారు వచ్చి, ఆమెను ఆత్మకూరు దిక్కు మఠానికి పంపిస్తానని మాటిచ్చి విడిపించారు.

ఆమె పగిలిన పెదవులతో తిరిగి వచ్చారు. పుస్తకం తీసి నా ముందుంచారు.

"ఇంకొక్క పేరు రాయి. గుమాస్తాది."

"వాడి పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదమ్మగారూ."

ఆమె కోపగించలేదు. తానే రాసుకొని, ఆ పుస్తకంతోనే మరునాడు బండెక్కారు. నేను మౌనంగా ఉన్నందుకు ఒక్క మాటైనా అనలేదు. అంతటి కరుణామూర్తి మా మెట్టభూముల్లో మళ్లీ అడుగుపెడుతుందన్న ఆశ నాకు లేదు.

పాఠకులారా, మార్తమ్మగారికి మన జపాల అవసరం ఉండదని నా నమ్మకం. ఆమెకు మారుగా ఒక్కరిని తలచుకోండి. నేను రోజూ యత్నిస్తాను, ఆ పేరు దగ్గరికి రాగానే జపమాల పక్కన పెట్టేస్తాను. అతడు ఇప్పటికీ మా వీధినే గుర్రం మీద పోతాడు. పత్రికలు చదువుతాడు, ఇదీ చదువుతాడేమో. అయినా ఈసారి నా చేత్తోనే రాస్తున్నాను: గడి గుమాస్తా రామకిష్టయ్య. నేను చేయగలిగేదాకా, నా బదులు మీరు అతనికోసం ఒక్క జపం చెప్పండి.