ప్రేమలత టీచరు పరీక్షించని సెట్టింగు

మీకు దండం పెడతాను, నా పేరు ఇంటర్నెట్‌లో వెతక్కండి. వెతికితే నేను సాధించినవేవీ దొరకవు. అరవై దాటిన ఒక రిటైర్డ్ టీచరు, ప్రపంచంలోని కంప్యూటరు పండితులందరి ముందూ నా చెవి మెలిపెట్టిన ఉత్తరం ఒక్కటి దొరుకుతుంది. దాన్ని తీసేయమని అడుగుదామంటే ఆ పండితులంతా ఉత్తరాలు పంచుకునే మెయిల్ జాబితాలో ఒకసారి పడ్డ ఉత్తరాన్ని తీసేసే ఆచారం లేదు. నా మనవలు కూడా తీరిగ్గా చదువుకుంటారు. ఎలాగూ పోయిన పరువే కనుక, ఎలా పోయిందో నా నోటితో నేనే చెబుతాను.

అప్పుడు నాకు పాతికేళ్లు. మా సొంతిల్లు చిలకలగూడలోనే. అన్నయ్య పెళ్లయ్యాక ఇంట్లో కాలు పెట్టే చోటు లేక, మెట్టుగూడలో ప్రేమలత టీచరు గారి మేడమీది గదిలో అద్దెకు దిగాను. కింద ఆవిడా, వాళ్ల నాన్నగారు దేవసహాయం తాతగారూ ఉండేవారు. తాతగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. తొంభైకి దగ్గర పడ్డారు. వినికిడి దివ్యంగా ఉండేది, అదే కొంప ముంచింది.

నా ఉద్యోగం వేరు, నా పిచ్చి వేరు. కంప్యూటరు లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది. పైన మనం చూసే బొమ్మలన్నిటికీ అడుగున కూర్చుని పని జరిపించేది అదే. అందులో మనం దాచుకున్నవి డిస్కు మీద ఎక్కడ పెట్టాలో చూసే భాగాన్ని ఫైల్‌సిస్టం అంటారు. దానికి బోలెడు సెట్టింగులు. ఏ సెట్టింగు ఏం చేస్తుందో వివరించే పత్రాలు రాసేవాళ్లు తక్కువ, చదివేవాళ్లు ఇంకా తక్కువ, చదవకుండా తిట్టేవాళ్లు కొల్లలు. నేను వాడుతున్న కెర్నెల్ పదిమందీ కలిసి ఉచితంగా రాసుకునేది. నేను ఆదివారాలు కూర్చుని ఆ పత్రాలు బాగుచేసి పంపేవాణ్ణి. పంపానని ఆఫీసులో, ఇంట్లో, చివరికి ఎంఎంటీఎస్ రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పుకునేవాణ్ణి.

వాటిలో ఒక సెట్టింగు నా కంటబడింది. మనం సేవ్ నొక్కగానే అక్షరాలు డిస్కు మీద పడ్డాయనుకుంటాం. పడవు. కొంతసేపు మెమరీలో ఉంటాయి. ఈలోగా కరెంటు పోతే గోవిందా. అందుకని కెర్నెల్ ఐదు సెకన్లకోసారి వాటిని డిస్కు మీదికి దించుతుంది. ఆ ఐదును ఎంతకైనా పెంచుకోవచ్చు. దీని గురించి పత్రంలో ఒకటిన్నర వాక్యం మాత్రమే ఉంది. అది చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. ఇంత గొప్ప సెట్టింగుకు ఇంత చిన్న వాక్యమా అని ఒక పేజీ రాసి పంపాను. 'ఈ సంఖ్య పెంచితే డిస్కుకు విశ్రాంతి, మనకు వేగం. మామూలు ఇంటి వాడకంలో దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు' అని అందులో ఒక ముత్యం లాంటి వాక్యం కూడా పెట్టాను. ఏ ఇంట్లో వాడి చూశావు నాయనా అని మీరు అడుగుతారు. వస్తున్నాను.

టీచరు ఆ రోజుల్లో తాతగారి జ్ఞాపకాలు టైపు చేస్తుండేవారు. ఆయన చెప్పడం, ఆవిడ కొట్టడం. ఫోనులో రికార్డు చేసుకోవచ్చుగా అంటారేమో. ఫోను ముందు పెడితే తాతగారు డిపార్టుమెంటు ఎంక్వయిరీకి పిలిచినట్టు బిగుసుకుపోయి, పేరూ హోదా చెప్పి ఊరుకునేవారు. టైపు చేస్తుంటే మాత్రం గలగలా మాట్లాడేవారు. చిక్కల్లా ఆ పాత కంప్యూటరు ఐదు సెకన్లకోసారి గరగరమనడమే.

"ఎవరమ్మా అది, నా మాటకు అడ్డొచ్చి గొంతు సవరించుకుంటున్నారు?" అనేవారు తాతగారు.

"డిస్కు నాన్నా."

"దాన్ని వరండాలో కూర్చోమను."

టీచరు నన్ను పిలిచారు. "అబ్బాయ్, దీని నోరు మూయించే ఉపాయం ఉందా?"

"ఏం పరేషాన్ కాకుండ్రి టీచర్. ఒక్క సెట్టింగ్ మారిస్తే అయిపోతది. రెండు నిమిషాల పని."

ఐదు సెకన్లను ఆరు వందల సెకన్లు చేశాను. అంటే పది నిమిషాలు. గరగర ఆగింది. తాతగారు మురిసిపోయారు. టీచరు ఇంట్లో చేసిన ప్లమ్ కేకు ముక్క పెట్టారు. పిచ్చోడి చేతిలో రాయి ఉంటే ఒక్కడి తలే పగులుతుంది, సెట్టింగు ఉంటే ఏమవుతుందో నాకింకా తెలియదు.

తొమ్మిది రోజులు గడిచాయి. నా పేజీకి ఆ పత్రాల పెద్దాయన దగ్గర్నుంచి జవాబొచ్చింది. ఆయన ఏ దేశంలోనో ఉంటాడు, మొహం ఎప్పుడూ చూడలేదు. మూడు ప్రశ్నలడిగాడు. నిజమైన వాడకంలో ఎవరైనా పరీక్షించారా? ఎన్నాళ్లు? కరెంటు పోయినప్పుడు ఏమైంది?

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. అక్కడ పంపే ప్రతి మార్పు కిందా 'పరీక్షించినవారు' అని ఒక వరుస ఉంటుంది. ఎవరు చేసి చూశారో వాళ్లే తమ పేరు ఇస్తారు. వాళ్లను అడక్కుండా ఇంకొకరు రాయకూడదు. అది సాక్షి సంతకంతో సమానం. నాకది తెలుసు. తెలిసే, 'పరీక్షించినవారు: ప్రేమలత' అని ఆవిడ మెయిల్ అడ్రసుతో సహా పెట్టి పంపేశాను. తొమ్మిది రోజుల వాడకం, ఏ ఇబ్బందీ లేదు అని రాశాను. మూడో ప్రశ్న చూడనట్టే ఊరుకున్నాను. ఆవిడకు గౌరవం చేస్తున్నాననే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడో ప్రశ్నకు జవాబు మర్నాడు మధ్యాహ్నం దానంతటదే వచ్చింది. మేడమీద నా ఫ్యాను ఆగింది. పావుగంటకు తిరిగింది. తిరిగిన మరు నిమిషంలో కింద నుంచి కేక.

"అబ్బాయ్! ఒకసారి రా!"

టీచరు కంప్యూటరు ముందు నిలబడి ఉన్నారు. "నిన్నటిదాకా ఉంది. ఇవాళ చెప్పింది లేదు."

"సేవ్ చేసిండ్రా టీచర్?"

"ముప్పై ఐదేళ్లు మార్కుల రిజిస్టరు రాసినదాన్ని. వాక్యం వాక్యానికీ చేశాను."

"యూపీఎస్ ఉండె కదా?"

ఆవిడ చూపిన వైపు చూశాను. కరెంటు పోతే ఆదుకోవాల్సిన యూపీఎస్ బ్యాటరీ మీద మనీప్లాంటు కుండీ ఉంది. ఆ బ్యాటరీ చచ్చిపోయి ఎన్నేళ్లయిందో మనీప్లాంటుకే తెలియాలి.

"ఏం పోయింది టీచర్?"

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. "మా అమ్మ గురించి. అమ్మ పోయి ఇన్నేళ్లయినా ఆయన ఎప్పుడూ చెప్పని సంగతి. ఇవాళ ఆయనంతట ఆయనే మొదలుపెట్టారు. ఎనిమిది నిమిషాలు చెప్పారేమో. విషయం నాకు గుర్తుంది, కానీ మాటలు లేవు. నాకు ఆయన మాటలు కావాలి."

ఆ క్షణంలో నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నా నాలుక ఏమందో వినండి. "కంప్యూటర్ పాతదైపోయింది టీచర్. నేను జెర చూస్త." అని రెండు గంటలు దాని ముందు కూర్చుని, దొరకదని తెలిసిన దాన్ని వెతికాను. ఆరు నెలలు సాము నేర్చి మూలనున్న ముసలాయన్ని కొట్టాను కదా అనుకుంటూ వెతికాను.

తాతగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. "రాత పోయిందా? పోనీ. రెండోసారి చెప్పను. అది ఒప్పుకోలు. ఒప్పుకోలు ఒక్కసారే."

టీచరు కళ్లు తుడుచుకుంటూ ఫోను తీశారు. తీసి, కనుబొమలు ముడిచారు. "ఎవరో విదేశీ ఆయన నాకు థ్యాంక్స్ చెబుతున్నాడు. 'మీ పరీక్షకు ధన్యవాదాలు, కరెంటు పోయినప్పుడు మీ అనుభవం ఏమిటో కూడా తెలపగలరు' అంటున్నాడు. నేనేం పరీక్ష చేశానబ్బాయ్?"

భూమి చీలితే బాగుండుననిపించింది. మెట్టుగూడలో రోడ్లు తవ్వి వదిలేస్తారు గానీ అవసరమైనప్పుడు ఒక్క గొయ్యి కూడా దొరకదు. చెప్పాను. అంతా చెప్పాను. ఐదు సెకన్లు, పది నిమిషాలు, సాక్షి వరుస, అన్నీ.

ఆవిడ ఫోను బల్ల మీద పెట్టారు. "చప్పుడు తగ్గాలని మార్చావు. అది మా కోసమే చేశావు, ఒప్పుకుంటాను. మరి నా పేరెందుకు పెట్టావు?"

తిట్టి ఉంటే భరించేవాణ్ణి, ఆవిడ అడిగిన తీరుకే ఏడుపొచ్చింది.

అప్పుడు మంచం మీద కదలిక. తాతగారు ఇటు తిరిగారు. "అంటే నువ్వు పుస్తకంలో దొంగరాత రాశావన్నమాట."

"అవును తాతా. తప్పయింది."

"పై ఆఫీసరుకు తెలుసా?"

"ఇంకా తెల్వది."

ఆయన లేచి కూర్చున్నారు. ఆ మొహంలో కోపం లేదు సరికదా, చాలాకాలానికి తోడు దొరికిన వెలుగు కనిపించింది. "నేనూ ఒకటి రాశానోయ్. ఒక పని చెయ్. నువ్వు ముందు నీది ఒప్పుకుని రాసి పంపు. నాకు చూపించు. అప్పుడు నాది మళ్లీ చెబుతా."

అక్కడే కూర్చుని రాశాను. 'కొన్ని అనివార్య కారణాల వల్ల పరీక్ష సమగ్రంగా జరగలేదు' అని మొదలుపెట్టాను. టీచరు భుజం మీంచి చదివారు.

"ఏది అనివార్యం? నువ్వు ఆ పేరు రాయకుండా ఉండలేకపోయావా?"

"ఉండొచ్చు టీచర్."

"కొట్టెయ్. 'జరగలేదు' ఏంటి? ఎవరు చెయ్యలేదు?"

"నేను."

"అయితే 'నేను' అని రాయి. ఆ మాట నీకు బాగానే వచ్చుగా, రోజూ వింటున్నాను."

చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. నేను పరీక్షించలేదు. ఆవిడను అడగలేదు. కరెంటు పోతే పది నిమిషాల పని పోతుంది, పోయింది. నా పేజీని దయచేసి తీసుకోకండి. పంపాను. తాతగారు కళ్లజోడు పెట్టుకుని చూసి, రైలు వదలమన్నట్టు తల ఊపారు.

సెట్టింగు మళ్లీ ఐదుకు తెచ్చాను. గరగర మొదలైంది. "సవరించుకోనీలే, రాసుకుంటోందిగా" అని తాతగారు మొదలుపెట్టారు. టీచరు కొట్టారు.

ఆయన కుర్ర గార్డుగా ఉన్న రోజుల్లో ఒక చిన్న స్టేషన్లో, పచ్చజెండా ఊపబోతుంటే, టిఫిన్ క్యారియరుతో ఒకమ్మాయి పరిగెత్తుకొస్తూ కనిపించింది. జెండా దించేశారు. బండి ఆరు నిమిషాలు ఆగింది. ఆ అమ్మాయే తర్వాత టీచరు గారి అమ్మ. ఆలస్యానికి కారణం గార్డు పుస్తకంలో రాయాలి కదా. ఆయన రాశారు: 'పట్టాల మీద గేదె.'

"నలభై ఏళ్లు మీ అమ్మతో కాపురం చేశాను తల్లీ. 'నీకోసం బండి ఆపాను' అని ఆవిడతో చెబుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. 'పుస్తకంలో నిన్ను గేదె అని రాశాను' అని కూడా చెప్పాలిగా. భయమేసి చెప్పలేదు. ఆవిడ వెళ్లిపోయింది." డిస్కు గరగరమంది. నాకు నవ్వొచ్చింది.

"మధ్యాహ్నం చెప్పినప్పుడు బండి రెండు నిమిషాలే ఆగిందన్నావు నాన్నా," అన్నారు టీచరు కళ్లు తుడుచుకుంటూ.

"మొదటిసారి చెప్పేటప్పుడు ఎవడైనా తగ్గించే చెబుతాడు."

ఇంతటితో గండం గడిచిందని మేడెక్కాను. మర్నాడు పొద్దున టీచరు పిలిచి, తాపీగా అన్నారు. "నా పేరున ఉత్తరం వచ్చాక జవాబివ్వకపోతే మర్యాద కాదు కదా. పంపేశాను."

"ఎవరికి పంపిండ్రు టీచర్?"

"ఆ ఉత్తరంలో ఎంతమంది ఉంటే అంతమందికి."

అంతమంది అంటే జాబితాలో ఉన్న ప్రపంచమంతా. ఆవిడ ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగులో చెబుతాను. 'అయ్యలారా, నేను ఈ సెట్టింగును పరీక్షించలేదు. నా మీద పరీక్షించారు. కుర్రవాడు మంచివాడే, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాస్తాడు. మూడో ప్రశ్నకు సున్నా వేసి, మళ్లీ రాయించగలరు.'

పెద్దాయన రాయించాడు. పేజీ నాలుగుసార్లు తిరిగొచ్చి, చివరికి రెండే వాక్యాలుగా చేరింది. రెండో వాక్యం, 'ఈ సంఖ్య ఎంత పెంచితే, కరెంటు పోయినప్పుడు అంతసేపటి పని పోతుంది.' దాని కింద 'లోపం తెలియజేసినవారు: ప్రేమలత' అని ఉంది. ఈసారి ఆయన ఆవిడను అడిగే పెట్టాడు. ఆ లోపం ఎవరో మీరు ఊహించుకోవచ్చు.

కనుక, పట్టాల మీద లేని గేదె సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. చేసి చూడని సెట్టింగు గురించి ఒక్క అక్షరం రాయను. అడగని మనిషి పేరు ఏ వరుసలోనూ పెట్టను. మూడో ప్రశ్న ఉంటే ముందు దానికే జవాబిస్తాను. ఈ వ్యాసం కూడా పంపేముందు టీచరు గారికి చదివి వినిపించి, ఆవిడ పేరు వేయవచ్చా అని బుద్ధిగా అడిగాను.

"వెయ్యి," అన్నారు ఆవిడ. "కానీ కరెంటు ఉండగానే సేవ్ చెయ్."