ఎర్రసిరా దిద్దుబాటు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మూడో అంతస్తు మూలగది ఎక్కడని అడిగితే, "ఫైళ్ళక్క కోసమా?" అని వాచ్‌మన్ కూడా వేలు చూపించేవాడు. ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పట్టుకున్న పని ఒకటే. కంపెనీలు మొట్టమొదటిసారి జనానికి షేర్లు అమ్ముతూ వేసే ఆఫర్ పత్రాలు సంపాదించడం, బజారుకొచ్చిన మొదటిరోజు షేరు ఏ ధర దగ్గర ఆగిందో పత్రికల్లో వెతికి నోటుపుస్తకంలో రాయడం. ఎవరూ చెయ్యమనలేదు. ఆ అంకెలు దొరక్క పరిశోధకులు జుట్టు పీక్కుంటుంటే చూడలేక మొదలుపెట్టింది. మునిగిపోయిన కంపెనీలను కూడా వదల్లేదు.

"బతికున్నవాటివే రాస్తే, షేర్లు కొన్నవాళ్ళందరూ బాగుపడ్డారనుకుంటారు నాయనా," అనేది.

"ఇంట్లో ఉప్పు నిండుకున్నా గుర్తుండదు గానీ, సబ్బుల కంపెనీ పుట్టినరోజు మాత్రం మహాతల్లి నోటిమీదుంటుంది," అని మొగుడు ఎకసెక్కాలాడేవాడు.

ఆ సబ్బుల కంపెనీ దగ్గరే ఆవిడ తప్పులో కాలేసింది. ఆ సబ్బులదీ, ఒక సిమెంటుదీ, రెండు కంపెనీలూ ఒకేరోజు బజారుకొచ్చాయి. పత్రికలో చీమతలకాయంత అక్షరాలు, ఒకదాని కింద ఒకటి. దీని ధర దానికీ, దాని ధర దీనికీ రాసేసింది. మూడేళ్ళకు కనిపెట్టి, సిగ్గుతో చచ్చిపోయి, ఎర్రసిరాతో కొట్టేసి దిద్దింది. తేదీ వేసి సంతకం పెట్టింది. ఆ పత్రిక ముక్క పక్కనే అంటించింది.

దిద్దడానికి ముందే ఒక పరిశోధకుడు వచ్చిపోయాడు. "అక్కా, అక్కా" అంటూ నెల్లాళ్ళు ఆవిడ డబ్బాలో అన్నమే తిని, పుస్తకాలన్నిటికీ ఫొటోలు తీసుకున్నాడు. డాక్టరేటు వచ్చాక మళ్ళీ మొహం చూపిస్తే ఒట్టు.

ఇప్పుడు గ్రంథాలయం ఈ ధరలన్నీ కంప్యూటర్లోనే చూపించే ఒక డేటాబేస్ కొన్నది. ఇక గది ఖాళీ చేయాలి, సోమవారం చిత్తుకాగితాల బండి వస్తుంది అన్నారు. ఖాళీ చేసే కాగితం మీద కామర్స్ ప్రొఫెసర్ సంతకం కావాలి; ఆయన "ఇవి అవసరం" అని ఒక్క ముక్క రాస్తే ఆగుతుంది. ఆవిడ ఆయన్ని బతిమాలి గదికి తీసుకొచ్చి, ఎలా ఉందో చూద్దామని ఆ డేటాబేస్‌లో సబ్బుల కంపెనీ పేరు కొట్టింది. సిమెంటు కంపెనీ ధర వచ్చింది. సిమెంటు అని కొడితే సబ్బులది.

ఫొటోలు తీసుకుపోయినవాడు ఒక్కడే. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"చూశారా సార్? ఈ తప్పు నాది! నా పుస్తకమే ఎత్తుకుపోయి మనకే అమ్మారు!"

ప్రొఫెసర్ కళ్ళజోడు సర్దుకుని తెరనూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు. "అవునమ్మా, తేడా ఉంది," అన్నాడు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"ప్రపంచమంతా వాడే డేటాతో మీ పుస్తకం కలవట్లేదు. పైగా కొట్టివేతలొకటి. ఇలాంటివి పిల్లల చేతికిస్తే ఎలా?"

"పత్రిక ముక్క అంటించాను కద సార్, ఒక్కసారి చూడండి!"

"అంత చిన్న అక్షరాలు నాకు ఆనవమ్మా," అంటూ ఆయన గది ఖాళీ చేసే కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఏదీ, ఓ పెన్నివ్వండి."

ఇరవై ఆరేళ్ళ చాకిరీ మీద ఆయన సంతకం పెట్టబోతున్నాడు. ఆవిడ బల్లంతా తడిమింది. ఎర్రపెన్ను ఒక్కటే దొరికింది. ఇచ్చింది.