రాజేశం నేర్పిన అనుమానం

మొన్న ఉదయం ఆసుపత్రికి వెళ్తూ మా నగరంలోని పర్వత్ పాటియా వంతెన దిగుతుంటే స్టీరింగ్‌లోంచి సన్నని వణుకు నా అరచేతులకు తగిలింది. పక్కసీట్లో ఉన్న మా ఆయనకు తెలియనే లేదు. రోడ్డు బాగాలేదేమో అన్నారు. రోడ్డు బాగానే ఉంది. కారు పక్కకు ఆపి, దిగి, ముందు టైర్ల అంచులను వేళ్లతో తడిమి చూశాను. ఎడమ టైరు లోపలి అంచు రంపంలా గీరుకుంది. అలా తడమడం నాకు నేర్పిన మనిషి రాజేశం. కడోదరా దగ్గర హైవే పక్కన ఓ రేకుల షెడ్డులో బండ్ల చక్రాలు సరిచేసేవారు.

ఆయన్ని కలిసేనాటికి నా దగ్గర ఒక పాత జీపు ఉండేది. డాంగ్ అడవి ఊళ్లలో వైద్య శిబిరాలకు వెళ్లడానికి కొన్నాను. రాళ్ల దారుల్లో బండి అడుగుభాగం తగలకూడదని నగరంలో ఒక పెద్ద వర్క్‌షాపులో స్ప్రింగులు మార్పించి మూడంగుళాలు ఎత్తు చేయించాను. ఆ రోజు నుంచి జీపు నా మాట వినలేదు. ఎడమకు లాగేది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి వచ్చేది కాదు. వేగం డెబ్బై దాటితే ముందుభాగమంతా గడగడలాడేది. మూడుసార్లు అక్కడికే తీసుకెళ్తే మూడుసార్లూ కంప్యూటర్ కాగితం మీద అన్నీ సరేనన్న పచ్చటి గడులు చూపించి, నాకు నడపడం రాదన్నట్టు నవ్వి పంపించారు. మా నర్సు రాజేశం పేరు చెప్పేనాటికి నేను ఏ మెకానిక్‌నీ నమ్మే స్థితిలో లేను.

ఆయన సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి రాష్ట్రం దాటి ఈ నగరానికి వచ్చిన మనిషి. ఇక్కడి భేస్తాన్‌లో చాలా ఏళ్లు మరమగ్గాల ఫిట్టర్‌గా చేసి తర్వాత ఈ పనిలోకి మారారు. నా పచ్చగడుల కాగితాన్ని ఒకసారి చూసి మడిచి ఇచ్చేశారు.

"మిషన్ అబద్ధం చెప్పదు డాక్టరమ్మా. అడిగినదానికే చెప్తది. వీళ్లు అడగాల్సింది అడగలే."

జీపును రెండు రోజులు వదిలి వెళ్లమన్నారు. షెడ్డు మూలన విప్పేసిన పాత సామాను గుట్టగా పడి ఉంది. నా కొత్త స్ప్రింగులు విప్పి అందులోంచి రెండు తగిలిస్తే నాకెలా తెలుస్తుంది? ఆయన టీ చెప్పడానికి బయటికి వెళ్లగానే హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర నెయిల్ పాలిష్ తీసి, స్ప్రింగుల మీదా రాడ్ల మీదా కనపడని చోట్ల చుక్కలు పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. జీపు కింద గుంతలో నిలబడి ఉన్నారు. నన్ను చూసి పైకి వచ్చి, ఆ చుక్కలు నేను పెట్టినవేనా అని అడిగారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన గొంతులో కోపం లేదు.

"మంచి పనే చేసిండ్రు. గని చుక్క పెడితే మారిందా లేదా అన్నదే తెలుస్తది. గీత గీస్తే కదిలిందా లేదా తెలుస్తది. ఆ సీసా ఉన్నదా?"

ముందు ఇరుసును పక్కకు జరగకుండా ఛాసీకి పట్టి ఉంచే అడ్డరాడ్డు ఒకటి ఉంటుంది. దాని బోల్టు తల మీదుగా పక్కనున్న పట్టీ మీదికి ఎర్రగా ఒకే గీత గీశారు. నన్నే నడపమన్నారు. హైవే మీద పల్సానా దాకా వెళ్లి వచ్చాం. రాగానే గుంతలోకి దిగి చూడమన్నారు. గీత రెండు ముక్కలై ఉంది. మధ్య ఒక బియ్యపు గింజంత ఎడం. బోల్టు విప్పితే, పట్టీలో గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో కనిపించింది. బండి ఎత్తు పెరిగాక పాత రాడ్డు పొడవు చాలక ఇరుసును ఒక పక్కకు లాగింది. పొడవాటి రాడ్డు వేయాల్సింది పోయి, ఆ వర్క్‌షాపులో ఎవరో రంధ్రాన్ని ఆకురాయితో అరగదీసి బోల్టును బలవంతంగా దూర్చారు. ముందు చక్రాల ఆధారం కాస్త వెనక్కి వాలి ఉండాలనీ, ఆ వాలు కూడా తగ్గిపోయిందనీ, స్టీరింగ్ వెనక్కి రానిది అందుకేననీ చెప్పారు. అంతకుముందు వారమే ఇద్దరు నర్సులనూ ఒక గర్భిణినీ కూర్చోబెట్టుకుని అదే జీపులో ఘాట్ దిగాను. 

సరైన రాడ్డు, కొత్త పట్టీ, వాలు సరిచేసే బుష్‌లు వేశాక వెంటనే తాళం ఇవ్వలేదు. టేపు నా చేతిలో పెట్టారు. "నన్నెందుకు నమ్ముతరు? మీరే కొలుసుకోండ్రి," అన్నారు. టైరు నుంచి ఛాసీకి రెండు వైపులా కొలిచాను. సమానంగా వచ్చాకే తాళం ఇచ్చారు.

తర్వాత అటు వెళ్లినప్పుడల్లా ఆగేదాన్ని. ఆయన ఎడమచేతికి రెండు వేళ్లు సగానికి ఎందుకు లేవని ఒకసారి అడిగాను.

"మగ్గం బంద్ చేసిన అన్నడు. నమ్మి చెయ్యి పెట్టిన."

ఎవరన్నారో చెప్పకుండానే మళ్లీ గుంతలోకి దిగారు. 

రెండేళ్లకు ఒక ఉదయం ఆయనే నా గదికి వచ్చారు. పొద్దుటి నుంచి ఛాతీ పైభాగంలో మంట, చెమటలు. ఈసీజీ మామూలుగా ఉంది. గ్యాస్ అయి ఉంటుందని చెప్పి మందులు రాయడం మొదలుపెట్టాను. ఆయన తల ఊపి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. టీ కొట్టువాణ్ని పాలు ఎప్పటివని అడక్కుండా గ్లాసు అందుకోని మనిషి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా కలం ఆగింది. ఇంకేమైనా చెప్పాలా అన్నాను.

"మీరు చూసిండ్రు గదా డాక్టరమ్మా. ఇంకేమున్నది?"

ఆ మాటకు నాకు భయం వేసింది. ఆయన్ని మళ్లీ పడుకోబెట్టి, మిగతా రోగులను ఆపి, పక్కనే కూర్చున్నాను. అరగంటకు మళ్లీ తీసిన ఈసీజీలో గీతలు మారిపోయాయి. మధ్యాహ్నానికల్లా గుండె డాక్టర్లు మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు.

మూడోరోజు మంచం పక్కన కూర్చుని, ఇంటికి పంపించేయబోయానని ఒప్పుకున్నాను. 

"మీరు మళ్ల చూసిండ్రు," అన్నారు. తర్వాత, "నేను అడగకపోవుడు తప్పు," అన్నారు.

ఆ తర్వాత ఐదేళ్లు బతికారు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు టైర్ల దుకాణం ఉంది.

నా గదిలో రోగి కుర్చీని బల్లకు అవతల వేయించడం మానేశాను. నా పక్కనే ఉంటుంది, కంప్యూటర్ తెర ఇద్దరికీ కనిపించేలా. మగ్గాల మీంచి నేరుగా వచ్చినవాళ్లు నూలు దుమ్ముతోనే కూర్చుంటారు. రిపోర్టులో ఏముందో, నాకు తెలిసిందేమిటో, ఇంకా తెలియనిదేమిటో చెప్తాను. ఇప్పుడు నన్ను ఏదైనా అడగండి అంటాను. చాలామంది మొహమాటంగా తలుపు వైపు చూస్తారు. బయట వరుస పెరుగుతుంది, లోపలికి తొంగిచూసి నర్సు విసుక్కుంటుంది. వాళ్లు ఒక్క ప్రశ్న అడిగేదాకా నేను మందుల చీటీ మీద సంతకం పెట్టను.