అత్తమ్మ వేరుపొయ్యి

అత్తమ్మ చేతుల్లో వణుకు మొదలైన ఏడాదే మేము రాబోయే రోజుల గురించి ఆలోచనలో పడ్డాం. పోచంపల్లి వైపు పల్లెలో మగ్గానికి నూలు కండెలు చుట్టిన చేతులవి. ఈ వణుకు తగ్గేది కాదని, పోను పోను పక్కన ఒక మనిషి ఉండాల్సి వస్తుందని దవాఖానలో చెప్పారు. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షోరూములో ఉద్యోగం. ఆ జీతం వల్ల మాది గులాబీ రేషను కార్డు. దాని మీద ఉచిత వైద్యమూ లేదు, పింఛనూ లేదు. అత్తమ్మ పేరున తెల్లకార్డు ఉంటే రెండూ వస్తాయట. అందుకు ఆమె విడిగా ఉంటూ విడిగా వండుకోవాలి.

ఎల్బీనగర్‌లో మా ఇంటి వెనక గదిలోనే ఆమె ఉండేది. ఇక కావలసింది పొయ్యి ఒక్కటే. ఆ మాట చెప్పగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నన్ను ఏరు పెడ్తున్నరా బిడ్డా? ఏం తప్పు జేసిన?"

"ఏరు గాదత్తమ్మా, కార్డు కోసం."

"పొయ్యి ఏరైనంక ఇంకేం మిగిలింది?"

ఉత్తుత్తి పొయ్యి ఒకటి పెట్టి, కార్డు విచారణకొచ్చే సారుకు చూపిద్దామన్నారు మా ఆయన. పైవాడు చూస్తుంటాడు, అబద్ధం మీద వచ్చే సాయం మనకొద్దన్నాను. కొన్నాళ్లు అలిగిన అత్తమ్మ ఒక పొద్దున తానే పొయ్యి వెలిగించింది. వెనక గదిలోంచి ఎండుమిర్చి పోపు ఘాటు వచ్చి ఇల్లంతా తుమ్మింది. ఇన్నేళ్లుగా నా వంటలో ఆమెకు కారం చాలలేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

దరఖాస్తు ఇచ్చామో లేదో, తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. కార్డులిచ్చే ఆఫీసుకు తాళం. మా ఆయన విసుక్కుంటే అత్తమ్మే కసిరింది. "ముందుగాల రాష్ట్రం రానియ్యి. నా కార్డు యాడికి పోతది?"

సమ్మె అయ్యాక ఒక శనివారం సాయంత్రం విచారణకు సారు వచ్చాడు. ఆ రోజు నేను ఉపవాసం. అత్తమ్మ నా కోసం బియ్యపు రవ్వతో ఉప్పుడుపిండి చేసి మూత పెట్టింది.

"ఈడ ఎవరు వండుతరమ్మా?"

"నేనే సారు. గీ పూట కోడలు గూడ నా పొయ్యి మీదిదే తింటది," గర్వంగా చెప్పింది.

ఆయన రాయడం ఆపాడు. "అయితే ఇద్దరిది ఒక్కటే వంటనా?"

కార్డు రాకపోతే ఈమె మంచాన పడిన నాడు ఎట్లా? అయినా కాదనలేకపోయాను. "ఉపవాసం సారు. శనివారం రాత్రి అత్తమ్మ పెట్టిందే తింట."

అత్తమ్మకు కోపం వచ్చింది. "పక్కింటోళ్లకు కూర గిన్నె ఇస్తే ఆళ్లు మన కార్డుల కలుస్తరా సారూ? ఏరున్నోళ్లు పెట్టుకొని తినొద్దని సర్కారు జెప్పిందా?"

ఆయన ఫక్కున నవ్వాడు. "చెప్పలేదమ్మా." రెండు పొయ్యిలూ చూసి, రాసుకుని, పోతూ పోతూ ఒక ముద్ద ఉప్పుడుపిండి తిని మరీ పోయాడు.

కార్డు వచ్చింది. ఆమె చెంచా పట్టుకోలేని రోజులు వచ్చినప్పుడు దవాఖాన ఖర్చు దాని మీదే గడిచింది. స్నానం చేయించడానికి వచ్చే మనిషి జీతంలో పింఛను కొంత ఆసరా అయ్యింది. నేను ముద్ద కలిపి నోట్లో పెడుతూ దేవుణ్ణి తలుచుకునేదాన్ని. అత్తమ్మ మాత్రం, "గా సారు సల్లగుండాలె," అనేది. "ఉప్పు తక్కువైనా ఏమనలే."