దొర కప్పులూ, కోసే గ్లాసూ

మా అమ్మ శాంతిప్రియకు దేవుడి తరువాత దేవుడు ఆ ఆరు కప్పులే. పల్చటి ఇంగ్లీషు పింగాణీ, నీలి పువ్వులు, అంచుకు బంగారు గీత. వాల్తేరు రైల్వే బంగళాలో బట్లరుగా చేసిన మా తాత శామ్యూల్‌కు, దేశం విడిచిపోతూ దొర ఇచ్చిన సెట్టు. ఒక కప్పు పగిలి ఇత్తడి పిన్నులతో అతికించినది కాబట్టి ఇచ్చాడు, లేకపోతే ఇచ్చేవాడా!

మా కిరండూల్ ఇనుప గనుల క్వార్టర్సులో ఖనిజం దుమ్ము అద్దాల బీరువాలోకి కూడా దూరుతుంది. ప్రతి శనివారం అమ్మ కప్పులు కడిగి తుడిచి పెడుతుంది. క్రిస్మస్‌కు పాస్టరుగారు వస్తేనే అవి కిందికి దిగుతాయి. అప్పుడు తాత కథ చెప్పి కళ్ళు తుడుచుకుంటుంది.

"ఇరవై ఏళ్ళు ఈ కప్పులు కడిగాడయ్యగారూ మా నాన్న. ఒక్క గుక్క తాగనివ్వలేదు. ఆయన సత్తు మగ్గు బయట కుళాయి కాడ మేకుకి ఏలాడీది."

ఈ కథ నాకు కంఠతా వచ్చు. అయినా మా పెరటి గోడ మీద బోర్లించి ఉండే స్టీలు గ్లాసు సంగతి నాకెప్పుడూ తట్టలేదు. అది కోసే అనే ఆమెది. పన్నెండేళ్ళుగా బుధవారం సంతకు చింతపండూ విస్తరాకులూ తెస్తూ మా ఇంటి దగ్గర ఆగే కోయ ముసలామె. తెలుగు సరిహద్దున బాసగూడ వైపు పుట్టింది కాబట్టి తెలుగు బాగానే వచ్చు. అమ్మ గ్లాసుకు తగలకుండా ఎత్తు నుంచి టీ పోస్తుంది. ఆమె తాగి, కడిగి, బోర్లిస్తుంది. నేనూ అలాగే పోశాను, సిగ్గులేనిదాన్ని.

మొన్న వేసవిలో కోసే మనవరాలు రీనా మిఠాయి డబ్బాతో వచ్చింది. పక్క జిల్లా బీజాపూర్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందట.

"నర్సమ్మవైపోనావేటే!" అని అమ్మ మురిసిపోయి, కుర్చీ వేసి, ఏ పండగా లేకుండానే దొర కప్పు దించి టీ ఇచ్చింది. కోసే తనంతట తనే పెరట్లోకి వెళ్ళి గ్లాసు తెచ్చుకుని, గడప అవతల కూర్చుని ఎత్తి పట్టుకుంది. అమ్మ అలవాటుగా ఎత్తు నుంచి పోసింది.

రీనా కప్పు కింద పెట్టేసింది. "ఆంటీ, మా అవ్వ తాగినాక నాక్కూడా ఆ గ్లాసుల్నే పోయండి."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, మేమూ గొంతు పెంచేవాళ్ళం. ఆ పిల్ల అదే గ్లాసులో తాగి, కడిగి, గోడ మీద బోర్లించి వెళ్ళిపోయింది. అమ్మ ఆ గ్లాసు తీసుకెళ్ళి వీధి చివర చెత్తకుప్పలో పడేసింది.

"మా నాన్న చూసుంటే నా మొహాన ఉమ్మీసేవోడు," అంది.

తరువాతి బుధవారం అమ్మ కోసేను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, కప్పు నిండా టీ అందించింది. కోసే చేతులు వెనక్కి తీసుకుంది.

"ఏందమ్మా ఇది? పగిలితే నేనేడ తెచ్చిస్త? నా గ్లాసేది?"

ఆమె లేచి పెరట్లోకి నడిచింది. గోడంతా తడిమింది, గోడ వెనక వంగి చూసింది. తిరిగొచ్చి, కప్పు పట్టుకుని నిలబడ్డ అమ్మ ముందు తల వంచుకుంది.

"నేనే ఏడనో పోగొట్టిన. తప్పయిందమ్మా."