అక్క చూడకూడని సినిమా

"సినిమానా అది? హీరోకి బట్టతల, హీరోయిన్‌కి మోకాళ్ల నొప్పులు. ఎక్కడో పరాయిదేశం, ఊరంతా మంచు. ఆ మంచులో బెంచీ మీద కూర్చుని ఇద్దరూ సూప్ తాగుతారు. ఇంట్లో కూర్చుని తాగితే గొంతు దిగదా వాళ్లకి? చూసినప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది వదినా!"

పెదాల మధ్య చిన్న మేకులు పెట్టుకుని కూడా ఇంత స్పష్టంగా తిట్టగలిగిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. పాత సోఫాలకు, కుర్చీలకు కొత్త గుడ్డ వేయడం ఆమె పని. మేకులు గుప్పెడు నోట్లో వేసుకుంటుంది. ఒక్కొక్కదాన్నే నాలుకతో ముందుకు తోసి, అయస్కాంతం ఉన్న సుత్తితో అందుకుని, గుడ్డ అంచు మీద టక్కున దింపుతుంది. అందుకే వీధిలో అందరికీ ఆమె మేకుల వదిన. ఆ రోజు నా కుర్చీ ఆమె బల్ల మీద కాళ్లు పైకెత్తి పడి ఉంది.

"అంత చెత్తని మళ్లీ మళ్లీ ఎందుకు చూశారు?" అన్నాను.

"చెత్తే అని రూఢి చేసుకోవద్దూ?"

నా కుర్చీకి ఇంతకు ముందు గుడ్డ వేసినవాడికి కుర్చీ మీద కోపమా, నా నడుం మీద కోపమా అని ఆమె అప్పటికే అడిగేసింది. ఆమె నోట మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు. అద్భుతంగా కుదిరిన పనిని చూసి కూడా "ఏదో, కూలదులే" అంటుంది. భర్తను రోజంతా సాధిస్తుంది, ఆయన పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివరిదాకా వెళ్లి చూస్తుంది. ఆమె తిట్టకుండా వదిలేసిందంటే ఆ మనిషి ఆమెకు అక్కర్లేదని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఈ అలవాటు ఎక్కడ అంటుకుందని అడిగితే సుత్తితో పైకప్పు వైపు చూపించింది. పై గదిలో వాళ్లక్క గుడ్డ కత్తిరించి కుడుతుంది. ఆమెకు పెళ్లి కాలేదు.

"నేను అవునంటే ఆవిడ కాదంటుంది, పుట్టినప్పటినుంచీ అంతే. నాకు నీలం బాగుందంటే పోయి ఆకుపచ్చ కొనుక్కుంది. ఆకుపచ్చలో పచ్చకామెర్ల మనిషిలా ఉంటుంది, అయినా కట్టుకుని తిరుగుతుంది. అందుకే ఆవిడ ముందు నేను దేన్నీ మెచ్చుకోను. ఒక్కసారి మరిచిపోయాను, కొంప మునిగింది."

ఆ మునిగిన కొంప కథ ఇది. వీళ్లకు సోఫాల్లోకి స్పాంజి తెచ్చి ఇచ్చే ఒకాయన ఉన్నాడు. భార్య పోయి చాలా ఏళ్లయింది. పోయిన నెల, స్పాంజి పలకలు భుజం మీద నుంచి దించకుండానే, తనను పెళ్లి చేసుకుంటావా అని అక్కను అడిగాడట.

"నా నోరు పడిపోను, 'మంచివాడే అక్కా, చేసుకో' అన్నాను. అంతే! మర్నాడే ఆయనకి కాదని చెప్పేసింది. ఇప్పుడాయన కొట్టు మూసేసి తమ్ముడి ఊరికి పోతానంటున్నాడు, ఈ ఆదివారమే. ఈవిడ చూస్తేనా, నిన్న ఒకే సోఫాకి రెండు ఎడమ చేతులు కత్తిరించి పెట్టింది! ఆ గుడ్డ ఖరీదైంది కాకపోతే ఫ్రేము కట్టించి గోడకి తగిలించేదాన్ని."

"ఇప్పుడైనా వెళ్లి ఔనని చెప్పొచ్చుగా?"

"ఎవరు, మా మహారాణా? ఒకసారి కాదన్నాక మళ్లీ తనే వెళితే లోకం నవ్వుతుందట. లోకానికి వేరే పనేం లేదు మరి, ఈవిడ పెళ్లి కోసం పళ్లు తోముకుని కూర్చుంది!"

"మరి ఆ సినిమాలో ఏమవుతుంది?"

ఆమె మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేసింది. ఖాళీ నోటితో ఆమె మాట్లాడగా వినడం నాకదే మొదలు.

"ఆ మోకాళ్ల నొప్పులది కూడా ముందు కాదనే అంటుంది. తర్వాత ఆ మంచులో జారుతూ, పడుతూ, లేస్తూ వాడి గుమ్మంలోకి తనే వెళ్తుంది. 'మొన్న తప్పు చెప్పాను' అంటుంది. అంతే వదినా. ఎవడూ నవ్వడు. ఆ బట్టతల సన్నాసి కూడా నవ్వడు. చలిగా ఉంది, లోపలికి రా అంటాడు. ఏడిచినట్టుంది!"

పైన కత్తెర చప్పుడు ఆగింది. మేకుల వదిన గొంతు తగ్గించి, బల్ల సొరుగులోంచి ఆ సినిమా ఉన్న పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో కుక్కింది.

"మీరు గుడ్డ రంగు చూడాలని వంక పెట్టి పైకెళ్లండి. 'మీ చెల్లెలు ఏదో ముదురు ప్రేమకథ చూసి ఛీ అంది, మా అక్క కంట పడనివ్వొద్దంది' అని చెప్పండి. దీన్ని మిషన్ పక్కన మరిచిపోయినట్టు వదిలేసి రండి. బాగుందని మాత్రం అనకండి, మీకు దండం పెడతాను. ఊఁ, కదలండి. ముందు మొహం మీద ఆ నవ్వు తుడుచుకోండి, చూస్తే పసిగట్టేస్తుంది."